కుర్ర పాయింట్ గార్డ్‌ని ఇప్పుడే స్టార్ట్ చేయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా?

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి పది నిమిషాల ముందు స్కోరర్ టేబుల్ దగ్గర కోచ్ ఫస్ట్ ఫైవ్, అంటే ఆట మొదలుపెట్టే ఐదుగురిని, ఖాయం చేసి సంతకం పెట్టాలి. నాలుగు పేర్లు చకచకా టిక్ పడిపోతాయి. ఐదో పేరు దగ్గర పెన్ను ఆగుతుంది. మూడేళ్లుగా టీమ్‌ని మోస్తున్న సీనియర్ గార్డా? లేక నెల రోజులుగా ప్రాక్టీస్‌లో ఆ సీనియర్‌నే ఉతికి ఆరేస్తున్న పదిహేడేళ్ల పిల్లా?

కిందటేడు ఒక టోర్నమెంట్‌లో నేను పిల్ల పేరుకే టిక్ పెట్టాను. తొందరపడ్డాను. ఎలా తొందరపడ్డానో కింద చెబుతాను. ఎందుకంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో జరిగిన పెద్ద పెద్ద ఉదాహరణల కన్నా ఆ ఎనిమిది సెకన్లే నాకు ఎక్కువ నేర్పాయి.

వేరే పొజిషన్‌లో కుర్రవాళ్లని దించడం ఇంత టెన్షన్ పెట్టదు. బాస్కెట్ దగ్గర ఆడే కుర్ర సెంటర్ తప్పు చేస్తే ఒక రీబౌండ్ (తప్పిన షాట్ బంతి) పోతుంది. బంతి మోసుకొచ్చి ఆట నడిపే పాయింట్ గార్డ్ తడబడితే మిగతా నలుగురికి బంతే అందదు. అందుకే ఈ గొడవ కాలేజీ గ్రౌండ్లలోనూ ఉంటుంది, పొద్దున్నే కాఫీ తాగుతూ ఎన్‌బీఏ చూసే మా వాట్సాప్ గ్రూపులోనూ ఉంటుంది.

ముందు ఏం చూడాలి

పాయింట్లు చూడకండి. కుర్ర గార్డ్ విషయంలో అందరినీ మోసం చేసేది అదే. ప్రాక్టీస్‌లో ఇరవై పాయింట్లు కొట్టే పిల్లలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు.

మొదట చూడాల్సింది బంతిని ఒత్తిడిలో అవతలి సగానికి దాటించగలరా అన్నది. మనం ఆడే ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో దానికి 8 సెకన్లే. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఎన్‌బీఏలో ఇద్దరు చుట్టుముడితే బంతి చేతిలో ఉన్న ప్లేయర్ తనే టైమ్ అవుట్ అడిగి బయటపడొచ్చు. మన రూల్స్‌లో ప్లేయర్‌కి ఆ హక్కు లేదు. బెంచ్ మీది కోచే అడగాలి, అదీ ఆట ఆగితేనో, అవతలివాళ్లు బాస్కెట్ వేస్తేనో ఇస్తారు. అంటే ట్రాప్‌లో పడ్డ పిల్లని పైనుంచి ఎవరూ తీయలేరు. ఎన్‌బీఏ చూసి మన కాలేజీ టీమ్ గురించి తీర్పు చెప్పేవాళ్లు ఈ ఒక్క తేడా మర్చిపోతారు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, తప్పు చేసిన వెంటనే వచ్చే పొసెషన్, అంటే బంతి మళ్లీ మన టీమ్ చేతిలో ఉండే విడత. టర్నోవర్, అంటే బంతి పోగొట్టుకోవడం, అందరూ చేస్తారు. ఆ తర్వాత బంతి మళ్లీ చేతికొచ్చినప్పుడు ఏం చేస్తున్నారు? బంతి అడిగి తీసుకుని ప్లే పిలుస్తున్నారా? లేక మొహం చాటేస్తున్నారా? లేక పోయిన పరువు ఒక్క షాట్‌తో తెచ్చుకోవాలని దూరం నుంచి విసిరేస్తున్నారా? మూడో రకం రెండో రకం కన్నా ప్రమాదం.

మూడోది నోరు. తనకన్నా నాలుగేళ్లు పెద్దదాన్ని పేరు పెట్టి పిలిచి 'నువ్వు ఆ మూలకి వెళ్లు' అనగలగాలి. మన పిల్లలకి ఇది డ్రిబ్లింగ్ కన్నా కష్టం. 'అక్కా, అక్కా' అంటూ అడుగుతారే గానీ చెప్పరు.

డిఫెన్స్‌లో ఫౌల్స్ అదుపు, వదిలేస్తే షాట్ వేయగలగడం కూడా లెక్కలోకి వస్తాయి. మనకి ఐదు ఫౌల్స్‌కే బయటికి. ఫస్ట్ క్వార్టర్‌లోనే రెండు తెచ్చుకునే గార్డ్‌ని స్టార్ట్ చేసి లాభం లేదు, ఎలాగూ పదో నిమిషానికి బెంచ్ మీదే ఉంటుంది.

దారి 1: నేరుగా స్టార్ట్ చేయడం

ఈ దారికి ఎప్పుడూ చెప్పే పేరు టోనీ పార్కర్. 2001 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) 28వ పిక్‌గా శాన్ ఆంటోనియో స్పర్స్ తీసుకుంది. సీజన్ మొదలైన ఐదో మ్యాచ్‌కే స్టార్టర్ అయ్యాడు. అప్పటికి వయసు 19. రెండో ఏడాదికల్లా చేతిలో చాంపియన్‌షిప్.

ఇక్కడితో కథ ఆపేస్తే 'దించేయాలి, వాళ్లే నేర్చుకుంటారు' అనిపిస్తుంది. కానీ ఆ 2003 ఫైనల్స్ ఆఖరి మ్యాచ్ చివర్లో కోర్ట్ మీద ఉన్న పాయింట్ గార్డ్ పార్కర్ కాదు, బ్యాకప్ స్పీడీ క్లాక్స్‌టన్. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ కుర్రవాడితో ఆట మొదలుపెట్టించాడు గానీ, ముగించే పని చేతికివ్వలేదు. అంతటితో ఆగలేదు. టైటిల్ గెలిచిన ఆ వేసవిలోనే స్పర్స్ వెళ్లి అప్పటి స్టార్ పాయింట్ గార్డ్ జేసన్ కిడ్‌ని తెచ్చుకోవాలని చూసింది. కిడ్ న్యూజెర్సీలోనే ఉండిపోయాడు కాబట్టి పార్కర్ చోటు మిగిలింది. 2007 ఫైనల్స్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయింది ఆ పార్కరే.

ఇంకో సంగతి. పార్కర్ పక్కన బాస్కెట్ దగ్గర ఆడే పెద్ద స్టార్లు టిమ్ డంకన్, డేవిడ్ రాబిన్సన్ ఉన్నారు. ఏమీ తోచకపోతే బంతి డంకన్‌కి వేసి పక్కకి తప్పుకోవచ్చు. టీమ్‌కి ఒక పెద్ద దిక్కు ఉంది.

ఆ పెద్ద దిక్కు లేనప్పుడు ఏమవుతుందో స్కూట్ హెండర్సన్ చూశాడు. 2023లో మూడో పిక్‌గా పోర్ట్‌లాండ్‌కి వచ్చాడు. సీజన్‌కి ముందే తమ స్టార్ గార్డ్ డేమియన్ లిల్లర్డ్‌ని టీమ్ వేరే చోటికి పంపేసింది. తాళాలు తెచ్చి 19 ఏళ్ల కుర్రాడి చేతిలో పెట్టారు. మొదటి వారాల్లోనే చీలమండకి దెబ్బ, తిరిగొచ్చాక బెంచ్, మళ్లీ స్టార్ట్. ఆ ఏడాది అతని షూటింగ్ 38.5 శాతం, టీమ్ గెలిచింది 21 మ్యాచ్‌లు. రెండో ఏడాది ఎక్కువ భాగం బెంచ్ మీద నుంచే వచ్చాడు. షాట్ మెరుగైంది, మూడు పాయింట్ల షూటింగ్ దాదాపు 32 శాతం నుంచి 35కి చేరింది. అతనిలో టాలెంట్ లేదని ఎవరూ అనరు. దించిన చోటు అలాంటిది.

దారి 2: సీనియర్ వెనక బెంచ్ మీద నుంచి

స్టీవ్ నాష్ 1996లో ఫీనిక్స్‌కి వచ్చినప్పుడు ముందు కెవిన్ జాన్సన్ ఉన్నాడు, ఆ సీజన్‌లోనే కిడ్ కూడా వచ్చి చేరాడు. మొదటి ఏడాది మ్యాచ్‌కి పది నిమిషాలు ఆడితే గొప్ప. 1998లో డాలస్‌కి వెళ్లాకే పూర్తి స్టార్టర్. ఎంవీపీ వచ్చింది 2005లో, మళ్లీ 2006లో. కొందరి గడియారం నెమ్మదిగానే తిరుగుతుంది.

బెంచ్ అంటే శిక్ష అనుకోవడం మన దగ్గర బాగా ఉంది. 'మా పిల్లని కూర్చోబెట్టారు' అని ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తారు. కానీ బెంచ్ మీద నుంచి వచ్చే గార్డ్‌కి ఒక సౌకర్యం ఉంది. ఐదారు నిమిషాలు బయట నుంచి చూసి, అవతలివాళ్లు ప్రెస్ (బంతి ఉన్నవాళ్ల మీదపడి అడ్డుకోవడం) ఎక్కడ మొదలుపెడుతున్నారు, ఏ గార్డ్ కుడిచేతి వైపే వెళ్తోంది అన్నీ గమనించి లోపలికి వెళ్లొచ్చు. ఎదురుగా ఉండేది కూడా చాలాసార్లు అవతలి టీమ్ సబ్‌స్టిట్యూటే.

ఈ దారి చెడిపోయేది ఒకే రకంగా. ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా కూర్చోబెట్టి, ముప్పై పాయింట్ల తేడా వచ్చాక ఆఖరి మూడు నిమిషాలకి దించడం. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ ఏమీ నేర్చుకోరు, ఆట కూడా ఆటలా ఉండదు. బెంచ్ దారి పట్టాలనుకుంటే డ్యూటీ టైమ్ ముందే చెప్పండి: ఫస్ట్ క్వార్టర్ ఆఖరి మూడు నిమిషాలు, సెకండ్ క్వార్టర్ మొదటి నాలుగు నిమిషాలు నీవి, రెండు తప్పులు చేసినా తీయను అని. చెప్పాక తీయకూడదు. చెప్పినంత తేలిక కాదనుకోండి.

దారి 3: స్టార్ట్ చేసి, బంతి మోసే పని పంచడం

పేరుకి పాయింట్ గార్డే, కానీ పక్కన బంతి బాగా పట్టగలిగే ఇంకొకరు ఉంటారు. టైరీస్ మ్యాక్సీ ఫిలడెల్ఫియాలో రెండో ఏడాది స్టార్టర్ అయ్యాడు, అదీ అప్పటిదాకా ఆ చోట ఆడిన బెన్ సిమన్స్ ఆడకుండా కూర్చోవడం వల్ల. 2022 ఫిబ్రవరిలో స్టార్ గార్డ్ జేమ్స్ హార్డెన్ వచ్చాక బంతి హార్డెన్ చేతికి వెళ్లింది. మ్యాక్సీ పరిగెత్తాడు, షాట్లు వేశాడు, చూసి నేర్చుకున్నాడు. హార్డెన్ వెళ్లిపోయిన 2023-24లో మొత్తం భారం అతని మీద పడింది. ఆ సీజన్‌కే మోస్ట్ ఇంప్రూవ్డ్ ప్లేయర్ అవార్డు.

రాజన్ రోండో కథ దీనికి ఇంకో ముఖం. 2007లో బాస్టన్‌లో పాల్ పియర్స్ పక్కకి కెవిన్ గార్నెట్, రే అలెన్ వచ్చారు. ముగ్గురు మహామహుల మధ్య 21 ఏళ్ల కుర్రాడు. దూరం నుంచి షాట్ లేదు. 2008 ఫైనల్స్‌లో లేకర్స్ అతన్ని ఖాళీగా వదిలేసి పెయింట్‌లో, అంటే బాస్కెట్ కింద, జనాన్ని నింపింది. బాస్టన్ 24 పాయింట్లు వెనకబడి గెలిచిన నాలుగో మ్యాచ్‌లో సెకండాఫ్ ఎక్కువ ఆడింది షూటర్ ఎడీ హౌస్. అదే రోండో ఆరో మ్యాచ్‌లో 21 పాయింట్లు, 8 అసిస్టులు, 6 స్టీల్స్‌తో సిరీస్ ముగించాడు. ఒక రోజు తీసేయడం, రెండు మ్యాచ్‌ల తర్వాత మళ్లీ నమ్మడం. కోచ్ డాక్ రివర్స్ రెండూ చేశాడు.

ఈ దారిలో నష్టం వెంటనే కనిపించదు. బంతి పక్కవాళ్లకి ఇచ్చి మూలన నిలబడటం అలవాటైపోతే స్కోరర్ తయారవుతుంది, గార్డ్ తయారవ్వదు. అందుకే వారానికి ఒక రోజైనా ప్రాక్టీస్‌లో పక్కనున్న ఆ రెండో గార్డ్‌ని అవతలి టీమ్‌లో వేయాలి.

దారి 4: కింది టీమ్‌లో పూర్తి ఆట

ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ని 2016 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. టొరంటో పిలిచి, పక్కనే మిసిసాగాలో ఉన్న తమ రెండో టీమ్ రాప్టర్స్ 905కి పంపింది. 2017లో ఆ టీమ్ ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్ (ఇప్పటి జీ లీగ్) టైటిల్ గెలిచింది. తర్వాత రెండేళ్లు కైల్ లౌరీ వెనక బెంచ్. 2019 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 22 పాయింట్లు. ఆ మరుసటి సీజన్‌లో స్టార్టర్. మెట్టు మెట్టుగా ఇంత పద్ధతిగా ఎక్కినవాళ్లు తక్కువ.

ఇదేదో గ్యారంటీ దారి అనుకోవద్దు. హెండర్సన్ కూడా పోర్ట్‌లాండ్‌కి రాకముందు రెండేళ్లు జీ లీగ్‌లోనే ఆడాడు. కింద ఎన్నాళ్లు ఆడావన్నది కాదు, పైకి వచ్చాక నిన్ను ఎక్కడ నిలబెట్టారన్నది తేల్చేస్తుంది.

మన దగ్గర దీనికి సమానం జూనియర్ టోర్నమెంట్లు, కాలేజీ బి టీమ్. బాగా పనికొచ్చేది నోరు లేని పిల్లలకి. తన ఈడు వాళ్లని అరిచి నడిపించడం అలవాటైతే పెద్దవాళ్లని నడిపించడానికి గొంతు వస్తుంది. బంతి పట్టు బాగా ఉండి, కింది టీమ్‌లో అందరినీ ఒక్కచేత్తో దాటేస్తున్న పిల్లకి మాత్రం అక్కడ ఉంచితే చెడు అలవాట్లే మిగులుతాయి.

ఒక్క చూపులో

| | నేరుగా స్టార్ట్ | బెంచ్ | బంతి పంచుకుని స్టార్ట్ | కింది టీమ్ |
|---|---|---|---|---|
| ఎవరికి సరిపోతుంది | తప్పు తర్వాత కూడా బంతి అడిగేవాళ్లకి | చూసి పట్టుకునేవాళ్లకి | షాట్ ఉండి, పట్టు సగం వచ్చినవాళ్లకి | నోరు విప్పనివాళ్లకి |
| టీమ్‌లో ఏం ఉండాలి | పెద్ద దిక్కు | నేర్పే మనసున్న సీనియర్ | బంతి పట్టే రెండో గార్డ్ | నిజంగా పోటీ ఉన్న మ్యాచ్‌లు |
| పెద్ద ప్రమాదం | ధైర్యం చెదరడం | తుప్పు పట్టడం | మూలన నిలబడే అలవాటు | తేలిక ఆటకి మరగడం |
| తొందరగా తెలిసేది | ఐదారు మ్యాచ్‌ల్లో | సగం సీజన్ | బంతి ఒక్కరికే ఇచ్చిన రోజు | పైకి వచ్చాకే |

ఇప్పుడు ఆ ఎనిమిది సెకన్లు

మా పిల్ల ఇంటర్ సెకండియర్. కుడిచేత్తో ఎవరినైనా దాటేస్తుంది. మొదటి మ్యాచ్‌లో అవతలి గార్డ్ రెండు నిమిషాల్లో కనిపెట్టేసింది, వచ్చి కుడి తుంటికి అతుక్కుపోయింది. మధ్య గీతకి రెండడుగుల ముందు ఇంకో అమ్మాయి వచ్చి దారి మూసేసింది. పిల్ల బంతి పట్టేసుకుని నా వైపు చూసింది. నేను లేచి టేబుల్ వైపు టైమ్ అవుట్ సైగ చేశాను. ఆట నడుస్తోంది, బజర్ మోగదని నాకు తెలుసు, అయినా చేశాను. రిఫరీ విజిల్. ఎనిమిది సెకన్లు.

అది పెద్ద విషయం కాదు. తర్వాతి పొసెషన్‌లో మా వాళ్లు బంతి లోపలికి వేయబోతుంటే పిల్ల తీసుకోవడానికి రాలేదు. షూటింగ్ గార్డ్‌కి వేయమని చెయ్యి చూపించి, పరిగెత్తి అవతలి మూలకి పోయి నిలబడింది. అక్కడి నుంచి నాలుగు నిమిషాలు కదల్లేదు. నేను తీసేశాక బాటిల్ మూత తిప్పుతూ, 'సార్, అక్కనే ఆడించండి' అంది.

ప్రాక్టీస్‌లో ఇది ఎందుకు పట్టుకోలేకపోయాను? ఎందుకంటే ప్రాక్టీస్‌లో ఐదుగురి మీద ఐదుగురినే ఆడించాను. ఎడమవైపు తోసే అమ్మాయే మా దగ్గర లేదు. ఆ తర్వాత డిఫెన్స్‌లో ఆరుగురిని పెట్టడం మొదలుపెట్టాను. ఆరో అమ్మాయి పని ఒక్కటే, ఈ పిల్ల కుడిచేతిని మూసేయడం. ఒక నోట్‌బుక్‌లో ఆమె చేసిన ప్రతి టర్నోవర్ పక్కన తర్వాతి పొసెషన్ ఏమైందో ఒక్క ముక్క రాశాను: 'అడిగింది', 'దాక్కుంది', 'విసిరింది'. మొదటి వారం పేజీ నిండా 'దాక్కుంది'. నా లెక్క ఏమిటంటే, వరసగా పది తప్పుల్లో ఏడుసార్లు 'అడిగింది' అని పడ్డ రోజు స్టార్ట్ చేయొచ్చు. శాస్త్రం కాదు, నా అనుభవం.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

కోచ్ అయితే, ముందుగా స్టార్ట్ చేయడం, ముగించడం రెండు వేరు వేరు నిర్ణయాలని ఒప్పుకోండి. చాలా గొడవలు అక్కడే సగం తగ్గుతాయి. పిల్లతో మొదలుపెట్టి సీనియర్‌తో ముగించడంలో పరువు తక్కువేమీ లేదు. పోపోవిచ్ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లోనే ఆ పని చేశాడు. టీమ్‌లో పోస్ట్‌లో (బాస్కెట్ దగ్గర) బంతి పట్టి నిలబడగల సెంటర్ ఉంటే మొదటి దారికి ధైర్యం చేయొచ్చు. లేకపోతే మూడోది. రెండూ లేకపోతే బెంచే. నాకౌట్ టోర్నమెంట్‌లో ప్రయోగాలు వద్దు, లీగ్ మ్యాచ్‌లున్న చోట చేయండి.

తల్లిదండ్రులైతే, స్టార్టింగ్ గురించి అడగకండి. ఎన్ని నిమిషాలు, ఏ నిమిషాలు అని అడగండి. సెకండ్ క్వార్టర్‌లో పది నిమిషాలు ఆడే పిల్ల, స్టార్ట్ చేసి నాలుగో నిమిషంలో బయటికొచ్చే పిల్ల కన్నా ఎక్కువ నేర్చుకుంటోంది. జవాబు చెప్పలేని కోచ్ ఉంటే అప్పుడు గొడవపడండి.

ఆడే పిల్లవి నువ్వే అయితే, ఎడమచేయి. అంతే. షాట్ తర్వాత చూసుకోవచ్చు.

ఎన్‌బీఏ చూస్తూ వాదించే బాపతు అయితే, ఒక కుర్ర గార్డ్ బస్ట్ (ఫెయిల్) అని తేల్చేసే ముందు పక్కన ఎవరున్నారో చూడండి. నాష్‌ని రెండేళ్లకే కొట్టిపారేసి ఉంటే మీరూ తప్పయ్యేవారు, నేనూ తప్పయ్యేవాణ్ని.

ఇక ఎవరూ పట్టించుకోని మనిషి, చోటు కోల్పోబోయే సీనియర్. 2018 జనవరిలో పోపోవిచ్ పార్కర్‌ని పిలిచి, ఇక డెజాంటే మర్రే స్టార్ట్ చేస్తాడని చెప్పాడు. 19 ఏళ్లకి ఒకరి చోటు తీసుకున్నవాడు 35 ఏళ్లకి తన చోటు ఇచ్చాడు, గొడవ పెట్టకుండా. ఆ మాట కోచే ముందు వెళ్లి చెప్పాలి. నోటీస్ బోర్డు మీద చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. పిల్లకి నేర్పే మనిషి దూరమైపోతుంది.

మా టీమ్‌లో నేను సీనియర్‌కి విడిగా చెప్పాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయిదు వారాల తర్వాత పిల్ల మళ్లీ స్టార్ట్ చేసిన రోజు మొదటి క్వార్టర్‌లోనే బంతి పోగొట్టుకుంది. నేను నోట్‌బుక్ తెరిచేలోపు బెంచ్ చివర నుంచి ఒక అరుపు వినిపించింది: 'ఏయ్, బంతి అడుగు!' పిల్ల వెనక్కి వచ్చి రెండు చేతులూ చాపింది.